ఆన్‌లైన్ వేలంలో అమ్మేవారి అమానత్

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మనల్ని పుట్టించినవాడు ఆయనే. మన ఉపాధికి మార్గాలు తెరిచినవాడు ఆయనే. ఆయన సన్నిధికే మనమంతా మరలిపోవలసి ఉంది. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా! పరదా వెనుక కూర్చుని వింటున్న తల్లులారా, సోదరీమణులారా!

ఈ మధ్య నమాజు ముగిశాక యువకులు దగ్గరకు వచ్చి తరచుగా ఒక విషయం అడుగుతున్నారు: "హజ్రత్! ఇంట్లో పాత వస్తువులున్నాయి. ఫోనులోనే వేలానికి పెట్టి అమ్మవచ్చునట. అది హలాలేనా? ఎలా మొదలుపెట్టాలి?" పరదాలో ఉండే సోదరీమణులు కూడా తమ అన్నదమ్ముల ద్వారా ఇదే ప్రశ్న పంపుతున్నారు. ఈ ప్రశ్న అడగడమే ఒక శుభసూచన. సంపాదన మొదలుపెట్టకముందే హలాల్ హరామ్‌ల గురించి విచారించేవారు ఈ సమాజంలో ఇంకా ఉన్నందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు. కాబట్టి నేటి ప్రసంగాన్ని ఈ అంశానికే కేటాయిస్తున్నాను.

బజారుకు దారి అడిగిన సహచరుడు

సోదరులారా! వ్యాపారం మన ధర్మంలో తక్కువ పని కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలోని ఆస్తినంతా వదులుకుని మదీనాకు హిజ్రత్ చేశారు. ఆయనకు సోదరుడిగా నియమితులైన అన్సారీ సహచరులు హజ్రత్ సఅద్ బిన్ రబీఅ (రజి) తన సంపదలో సగం ఇస్తానని ముందుకు వచ్చారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపించమని మాత్రమే కోరారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్లి, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి అమ్మి ఆ సాయంత్రానికి తన కష్టార్జితంతో తిరిగి వచ్చారు. చేతిలో ఏమీ లేని మనిషి చిన్న సరుకుతో నిజాయితీగా మొదలుపెట్టాడు. అల్లాహ్ అందులో ఎంత బర్కత్ ఇచ్చాడో చరిత్ర చదివినవారికి తెలుసు.

నేడు బజారుకు దారి మన అరచేతిలోనే ఉంది. దారి దగ్గరైనంత మాత్రాన బజారు మర్యాదలు మారవు.

ఈ కొత్త బజారు ఎలా నడుస్తుంది?

ముందుగా ఈ బజారు స్వరూపం తెలుసుకుందాం. అమెరికాలో 1995లో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఒక వేలం వేదికను ప్రారంభించాడు. నేడు ప్రపంచం దానిని ఈబే అనే పేరుతో ఎరుగును. అందులో మొట్టమొదట అమ్ముడైనదిగా చెప్పుకునే వస్తువు ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్. ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచేయదని తెలిసే కొన్నారా అని కొనుగోలుదారుని అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లను సేకరించడమే తన అలవాటని అతడు జవాబిచ్చాడట. ఈ సంగతిని కాసేపు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వద్దాం.

మన దేశంలో ఆ సంస్థ నడిపిన దేశీయ వేదిక 2018లో మూతపడింది. అయినా ఇక్కడి నుండి విదేశాల్లోని కొనుగోలుదారులకు అమ్మేవారు నేటికీ ఉన్నారు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో స్థిరపడిన మన పిల్లలు అక్కడే ఇంట్లోని వస్తువులను వేలానికి పెడుతున్నారు.

పద్ధతి మన ఊళ్లలోని వేలంపాట లాంటిదే. అమ్మేవాడు వస్తువు ఫోటోలు పెడతాడు, వివరణ రాస్తాడు, ప్రారంభ ధర చెబుతాడు, ఎన్ని రోజులు పాట సాగాలో నిర్ణయిస్తాడు. గడువు ముగిసే క్షణానికి ఎవరి పాట హెచ్చుగా ఉంటే వస్తువు వారిది. ఒక్క తేడా ఉంది. మన ఊరి వేలంలో పాట పాడేవాడు ముందుగా వస్తువు చుట్టూ తిరుగుతాడు, తట్టి చూస్తాడు, ఎత్తి చూస్తాడు. ఇక్కడ కొనేవాడు వేల మైళ్ల దూరంలో ఉంటాడు. అతని చేయి వస్తువును తాకదు. మీరు చూపించినదే అతను చూస్తాడు, మీరు చెప్పినదే అతను నమ్ముతాడు.

నేటి ప్రసంగ సారాంశమంతా ఇదే, సోదరులారా! ఈ బజారులో కొనేవాని కళ్లు, చేతులు మీ దగ్గర అమానత్‌గా ఉన్నాయి.

ప్రవక్త (స) స్వయంగా నిర్వహించిన వేలం

వేలం వేసి అమ్మడం ధర్మసమ్మతమేనా? ధర్మసమ్మతమే. హదీసు గ్రంథాల్లో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన దీనికి ఆధారం. ఒక అన్సారీ సహాయం కోరుతూ దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) విచారించారు. కొంత కప్పుకుని కొంత పరుచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయని ఆయన చెప్పారు. వాటిని తెప్పించి, తన శుభహస్తంలోకి తీసుకుని, వీటిని ఎవరు కొంటారని ప్రవక్త (స) సభను అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని ప్రవక్త (స) రెండు మూడుసార్లు అడిగారు. మరొకరు రెండు దిర్హమ్‌లకు తీసుకున్నారు.

ఆ రెండు దిర్హమ్‌లను అన్సారీకి ఇచ్చి, ఒకదానితో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి పిడిని ప్రవక్త (స) తన చేతులతో అమర్చి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా కనబడవద్దని పంపించారు. ఆయన పది దిర్హమ్‌లు సంపాదించుకుని తిరిగి వచ్చారు.

ఈ చిన్న వేలంలో ఎంత విద్య ఉందో చూడండి. వస్తువులు అమ్మేవాడి సొంతం. అవి సభలో అందరి కళ్లముందు ఉన్నాయి. ముతక గుడ్డను ఎవరూ పట్టువస్త్రమని వర్ణించలేదు. పాట పెంచడానికి ఎవరినీ చాటుగా నిలబెట్టలేదు. పాట ముగియగానే వస్తువు కొన్నవారికి, డబ్బు యజమానికి చేరాయి. ఆ డబ్బు కూడా ఒక్కపూట తిండితో ఆగిపోలేదు, పనిముట్టుగా మారింది. ఈ బజారులో కొత్తగా అడుగుపెట్టేవారు దీన్నే తమ పాఠ్యపుస్తకంగా భావించాలి. ఇప్పుడు ఒక్కొక్క విషయాన్ని వివరంగా చూద్దాం.

మొదటి విషయం: మీ చేతిలో ఉన్నదే అమ్మండి

హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) వర్తకులు. తన దగ్గర లేని సరుకును ఎవరైనా కోరితే ముందు అమ్మి, తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చునా అని ఆయన అడిగారు. మన దగ్గర లేనిదాన్ని అమ్మకూడదని ప్రవక్త (స) వారించారు.

కొందరు యువకులు వేరే దుకాణం వస్తువుల ఫోటోలను తమవిగా పెట్టి, పాట ఖాయమయ్యాక ఆ వస్తువు కొనడానికి బయలుదేరుతున్నారు. అక్కడ సరుకు అయిపోతే? ధర పెరిగిపోతే? దూరాన డబ్బు కట్టి కూర్చున్న మనిషి గతి ఏమిటి? ఈ నిషేధంలోని వివేకం మనకు ఇక్కడే బోధపడుతుంది. దీనికి హలాల్ మార్గాలున్నాయి. సరుకు కొని, స్వాధీనంలోకి తీసుకున్నాక వేలానికి పెట్టండి. లేదా యజమాని అనుమతితో అతని వకీలుగా, అంటే ప్రతినిధిగా అమ్మండి. మీ పొరుగున ఉన్న వృద్ధునికి ఫోను వాడటం రాదు. ఆయన గడియారాన్ని మీరు అమ్మిపెడతారు. తప్పకుండా చేయండి, కానీ మీ ప్రతిఫలం ఎంతో ముందే మాట్లాడుకోండి. వచ్చిన ధర ఎంతో దాచకండి. ఎక్కువకు అమ్మి తక్కువ చెప్పడం ఖియానత్.

మీ చేతిలో ఉన్నా కొన్ని వస్తువులు అమ్మరానివి. హరామ్ వస్తువుల సంగతి మీకు తెలిసినదే. తెలియక చిక్కుల్లో పడే విషయం మరొకటి ఉంది. మన దక్కన్ ఇళ్లలో తాతల నాటి నాణేలు, చేతిరాత ప్రతులు, లోహపాత్రలు ఉంటాయి. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు, నాణేలు పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్లే గడువు. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. తాత పెట్టెలో దొరికిన ఆసఫ్‌జాహీ నాణెం విదేశీయులకు వేలంలో అమ్మితే ఎక్కువ ధర రావచ్చు. కానీ మనం ఈ దేశ పౌరులుగా ఒక ఒడంబడికలో ఉన్నాం. ఒడంబడికను నిలబెట్టుకోవడం విశ్వాసి గుణం. తేదీ తెలియని పాత వస్తువు దొరికితే తెలిసినవారికి చూపించి నిర్ధారించుకోండి.

ఇక బంగారం, వెండి అమ్మకానికి షరీఅత్‌లో ప్రత్యేక నియమాలున్నాయి. చేతికి చేయి మార్పిడి గురించి ఉలమాలు వివరంగా చర్చించారు. నగలు, వెండి నాణేలు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించండి.

పాత ఫోను, కంప్యూటర్ అమ్మేవారికి ఒక మాట. అందులో మీ ఇంటి ఆడవారి ఫోటోలు, బంధువుల నంబర్లు ఉంటాయి. అవి కూడా అమానతే. అన్నీ పూర్తిగా తుడిచిన తర్వాతే పార్సెల్ కట్టండి.

రెండవ విషయం: తడిసిన ధాన్యం పైన ఉంచండి

సోదరులారా! మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి ముందు ప్రవక్త (స) ఆగారు. రాశిలోకి చేయి పోనిచ్చారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్తకుడు వాన పడిందని చెప్పాడు. అలాగైతే జనం చూసేలా తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు.

ఆలోచించండి. వాన కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. ధాన్యం తడవడమూ అతని తప్పు కాదు. తడిని కింద ఉంచి పొడిని పైన పరచడమే తప్పు. ఆ రోజు రాశిలోకి చేయి పెట్టగలిగారు. ఫోను తెరలోకి ఎవరు చేయి పెట్టగలరు? అందుకే ఆన్‌లైన్ అమ్మకందారుని బాధ్యత ఆ వర్తకుని బాధ్యత కంటే బరువైనది. కొనేవాని చేతిని మీరే రాశి లోపలి దాకా తీసుకువెళ్లాలి.

ఇది ఆచరణలో ఎలాగో చెబుతాను. ఫోటోలు పగటి వెలుతురులో తీయండి. ముందు, వెనుక, పక్కలు, అడుగు భాగం, అన్నీ చూపించండి. గీత, సొట్ట, మరక, చిరుగు ఎక్కడుందో అక్కడ దగ్గరగా మరొక ఫోటో తీయండి. పరిమాణం తెలిసేలా పక్కన కొలబద్ద పెట్టండి. మీ వస్తువు ఫోటోనే పెట్టండి, కంపెనీ వారి ప్రకటన నుండి తెచ్చుకోకండి. రంగులు మెరిపించే ఫిల్టర్ల జోలికి పోకండి. అమ్మే ముందు కొన్నాళ్లు పాలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేలా చేసి మేకను అమ్మడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. మెరిపించిన ఫోటో అలాంటి పొదుగే.

వివరణలో మాటలు స్పష్టంగా ఉండాలి. కొత్తదా, వాడినదా? పనిచేస్తుందా, పనిచేయదా, లేక మీరు పరీక్షించలేదా? పరీక్షించనిదాన్ని బాగా పనిచేస్తుందని రాయకండి, పరీక్షించలేదని రాయండి. ఫోను అయితే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చెప్పండి. బిద్రీ పూలపాత్ర అయితే వెండి తీగ ఎక్కడ ఊడిందో చెప్పండి. తయారీ నిలిచిపోయిన పాత హెచ్‌ఎంటీ చేతి గడియారాలను సేకరించేవారున్నారు. డయల్‌కు కొత్తగా రంగు వేయించి, అది కర్మాగారం నుండి వచ్చిన అసలు డయల్ అని అమ్మేవారూ ఉన్నారు. రంగు వేయించడం తప్పు కాదు. వేయించిన సంగతి దాచడం తప్పు.

"అన్నీ చెబితే ఎవరు కొంటారు హజ్రత్?" అని అడుగుతారు. ఆ చెడిపోయిన లేజర్ పాయింటర్‌ను గుర్తు చేసుకోండి. పనిచేయదని చెప్పి పెట్టిన వస్తువుకే కొనేవాడు దొరికాడు, సంతోషంగా కొన్నాడు. విడిభాగాల కోసం కొనేవారుంటారు, బాగుచేసుకునేవారుంటారు, సేకరించేవారుంటారు. లోపం చెబితే ధర కొంత తగ్గవచ్చు. తగ్గిన ఆ కొంత అసలు మీది కానే కాదు. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పి లోపాలు వెల్లడిస్తే ఆ బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని ప్రవక్త (స) బోధించారు. ఈ బోధనను మనకు అందించింది కూడా ఇందాక చెప్పిన వర్తక సహచరులు హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) గారే.

మన ఇమామ్, ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కూఫాలో వస్త్రవర్తకులు. లోపమున్న ఒక బట్టను చూపించి, ఈ సంగతి చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించారు. ఆయన చెప్పడం మరచి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు సొమ్మునంతా దానం చేసేశారని జీవిత చరిత్రకారులు రాశారు. లోపానికి సరిపడా కొంత తీసి ఇచ్చి ఊరుకోలేదు, సందేహం తగిలిన సొమ్మును ఇంట్లోకే రానివ్వలేదు.

మూడవ విషయం: దొంగపాట పాడించకండి

వేలంలో అతి సులువుగా జరిగే పాపం ఇది. కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను ఉసిగొల్పడానికి ధర పెంచడాన్ని షరీఅత్ నజష్ అంటుంది. ప్రవక్త (స) దీన్ని స్పష్టంగా నిషేధించారు.

ఈ వేదికల్లో పాట ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ పాపం బరువు అర్థమవుతుంది. కొనేవాడు తాను ఇవ్వగలిగిన గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తాడు. వేదిక దానిని బయటపెట్టదు. ఎదుటివారి పాటను మించడానికి అవసరమైన మేరకే అతని తరఫున కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. ఒకడు గరిష్ఠంగా రెండు వేలు పెట్టాడు, మరొకడు వెయ్యి దగ్గర ఆగిపోయాడు అనుకుందాం. వస్తువు వెయ్యికి కాస్త పైనే మొదటివానికి దక్కాలి. ఇప్పుడు అమ్మేవాని తమ్ముడు వేరే పేరుతో వచ్చి పద్ధెనిమిది వందలు పాడతాడు. కొనేవాడు పద్ధెనిమిది వందలకు కాస్త పైనే చెల్లిస్తాడు. అతను వేదికకు నమ్మి అప్పగించిన రహస్యాన్ని తవ్వి తీసి, అతని జేబు నుండి ఎనిమిది వందలు లాక్కున్నట్లే. అతనికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. అల్లాహ్‌కు తెలుసు.

"వస్తువు మరీ చవకగా పోతే నష్టం కదా?" అన్నది న్యాయమైన భయమే. దానికి నిజాయితీగల ఉపాయాలున్నాయి. ముందుగా, అలాంటి వస్తువులు ఇటీవల ఎంతకు అమ్ముడయ్యాయో వేదికలోనే వెతికి చూడండి. అమ్మేవారు కోరిన ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. తర్వాత, మీకు సమ్మతమైన కనీస ధరనే ప్రారంభ ధరగా పెట్టండి. లేదా వేదిక అనుమతిస్తే, ఇంతకంటే తక్కువకు ఇవ్వనని ఒక హద్దు ధర నిర్ణయించండి. హద్దు ధర ఉన్న సంగతి పాడేవారికి తెరపై కనిపిస్తుంది గనుక అందులో మోసం లేదు. వేదిక తీసుకునే రుసుమును, పోస్టు ఖర్చును ముందే లెక్క వేసుకోండి. పోస్టు ఖర్చు పేరుతో చాటుగా లాభం తీయకండి.

దొంగపాటకు తోబుట్టువు దొంగ ప్రశంస. బంధువులతో కొనిపించినట్లు చూపి, మంచి అమ్మకందారుడని రాయించుకోవడం అబద్ధపు సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (స) ఘోర పాపాల్లో లెక్కించారు.

మరొక హెచ్చరిక. కొన్ని చోట్ల వేలం పేరుతో జూదం నడుస్తోంది. పాట పాడిన ప్రతిసారీ డబ్బు కట్టాలి, వస్తువు దక్కినా దక్కకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఒకడికి వస్తువు, వందమందికి నష్టం. ఇది వ్యాపారం కాదు, ఖిమార్. అందులో అమ్మవద్దు, కొనవద్దు.

నాల్గవ విషయం: పాట ముగిశాక మాట నిలబెట్టుకోండి

గడువు ముగిసింది. మీరు ఆశించిన ధర రాలేదు. అప్పుడు వస్తువు పగిలిపోయిందని, పోయిందని సాకులు చెప్పడం వాగ్దానభంగం, పైగా అబద్ధం. మీరు పెట్టిన షరతుల ప్రకారం గెలిచినవానికి సంతోషంగా ఇచ్చేయండి.

గట్టి అట్టపెట్టెలో, వస్తువు కదలకుండా కట్టండి. చెప్పిన రోజుకే పోస్టు చేయండి. రసీదు దాచి, పార్సెల్ నంబరు కొనుగోలుదారునికి తెలియజేయండి. విదేశాలకు పంపేటప్పుడు కొందరు కొనుగోలుదారులు, సుంకం తప్పించుకోవడానికి, కస్టమ్స్ పత్రంలో బహుమతి అని రాయమనో, తక్కువ ధర వేయమనో కోరుతారు. మర్యాదగా నిరాకరించండి. సంతకం చేసేది మీరు. ఆ కాగితం మీ సాక్ష్యం. తరచుగా విదేశాలకు అమ్మేవారు ఎగుమతి, పన్ను నిబంధనలను ముందే తెలుసుకుని చట్టబద్ధంగా నమోదు కావాలి.

వస్తువు చేరాక వివరణకు భిన్నంగా ఉందని కొనుగోలుదారుడు ఫిర్యాదు చేస్తే కోపగించకండి. చూడకుండా కొన్న వస్తువును చూశాక తిప్పి ఇచ్చే హక్కును మన హనఫీ ఫిఖ్హ్ గుర్తించింది. దాచిన లోపం బయటపడితే తిప్పి ఇచ్చే హక్కు కూడా ఉంది. దీనిని ఖియార్ అంటారు. నేటి వేదికలు వాపసు నియమం పెట్టకముందే, ఎన్నో శతాబ్దాల నాడే ఫుఖహాలు ఈ హక్కును చర్చించారు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, తన బాకీ అడిగేటప్పుడు ఉదారంగా ఉండే మనిషి కోసం ప్రవక్త (స) అల్లాహ్ కారుణ్యాన్ని వేడుకున్నారు. ఒక్క వాపసుకు విసుక్కుని ఆ దుఆను పోగొట్టుకోకండి.

అయితే ఉదారత అంటే అమాయకత్వం కాదు. కొత్తగా అమ్మేవారిని వెతికి మోసగించేవారున్నారు. "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటారు. గుర్తుంచుకోండి: యూపీఐలో పిన్ నొక్కేది డబ్బు పంపడానికే, అందుకోవడానికి ఎన్నడూ పిన్ అవసరం లేదు. వేదిక బయట డబ్బు ఇస్తాననేవారిని, అడిగినదానికంటే ఎక్కువ పంపి తేడా వాపసు ఇమ్మనేవారిని నమ్మకండి. డబ్బు ఖాతాలో చేరిందని స్వయంగా చూసుకున్నాకే పార్సెల్ పంపండి. మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

సమయం గురించి కూడా ఒక మాట. జుమా పిలుపు వినగానే క్రయవిక్రయాలు విడిచిపెట్టి అల్లాహ్ స్మరణ వైపు రావాలని, నమాజు ముగిశాక భూమిలో విస్తరించి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని జుమా సూరా ఆదేశించింది. ఈ వేదికల్లో ఏడు రోజుల పాటను ఏ గంటకు మొదలుపెడితే సరిగ్గా ఏడు రోజులకు ఆ గంటకే ముగుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టినవాని వేలం తర్వాతి శుక్రవారం ఖుత్బా వేళకు ముగుస్తుంది. శరీరం సఫ్‌లో, మనసు జేబులోని ఫోనులో ఉంటుంది. వేళను ఎంచుకునే వీలు మీ చేతిలోనే ఉంది గనుక ఇషా తర్వాతి సమయాన్నో, సెలవు రోజు ఉదయాన్నో ఎంచుకోండి.

చిరునామా మాత్రమే తెలిసిన హక్కుదారుడు

సోదరులారా! ఇక అసలైన భయం సంగతి చెబుతాను. నమాజు, రోజాలతో వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని బాధించి వచ్చిన మనిషిని ప్రవక్త (స) అసలైన దివాలాకోరుగా వర్ణించారు. అతని పుణ్యాలు హక్కుదారులకు పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు ఇతని మీద వేయబడతాయి.

బజారులో ముఖాముఖిగా అమ్మినప్పుడు కొన్నవాడు మళ్లీ ఎదురుపడతాడు. నిలదీస్తాడు, మనం సరిదిద్దుకుంటాం. ఆన్‌లైన్ బేరంలో హక్కుదారుడు ఒక పేరు, ఒక చిరునామా, ఒక పిన్‌కోడ్ మాత్రమే. ఆ చిరునామాలో ఎవరున్నారో మీకు తెలియదు. స్కాలర్‌షిప్ డబ్బు కూడబెట్టి పాత ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థి కావచ్చు. తండ్రి జ్ఞాపకంగా అలాంటి గడియారమే వెతుకుతున్న కొడుకు కావచ్చు. ముస్లిం కావచ్చు, కాకపోవచ్చు. సొమ్ము విషయంలో హక్కు అందరికీ సమానమే. బహుశా అతను జీవితంలో బేరమాడిన మొదటి ముస్లిం మీరే కావచ్చు. మీ పార్సెల్ విప్పినప్పుడు అతనికి కనిపించేది ఒక వస్తువు మాత్రమే కాదు, మన ధర్మం పట్ల మన నిబద్ధత కూడా.

మనుషుల హక్కులు ఒట్టి తౌబాతో మాఫీ కావు. హక్కుదారునికి తిరిగి ఇవ్వాలి, లేదా అతను మన్నించాలి. పాత అమ్మకాల వివరాలు ఇప్పటికి మీ ఖాతాలో భద్రంగా ఉన్నాయి. ఎవరికైనా లోపం దాచి అమ్మి ఉంటే, చిరునామా చెరిగిపోకముందే వారికి రాయండి. "ఈ సంగతి మీకు చెప్పలేదు, ఇంత డబ్బు తిరిగి పంపుతున్నాను" అనండి. కొన్ని వందలో వేలో పోతాయి. దిర్హమ్, దీనార్ ఏవీ చెల్లని ఆ రోజున పుణ్యాలతో చెల్లించడం కంటే ఇది ఎంతో చవక.

కొత్తగా మొదలుపెట్టే నా యువసోదరులారా, సోదరీమణులారా! ఇంట్లో ఉన్న ఒక చిన్న వస్తువుతో ప్రారంభించండి. నియ్యత్ సరిచేసుకోండి. లోపాన్ని మొదటి ఫోటోలోనే, మొదటి వాక్యంలోనే పెట్టండి. న్యాయమైన ధరతో మొదలుపెట్టి, పాటను దాని దారిన సాగనివ్వండి. వచ్చిన దానితో ఆ అన్సారీ గొడ్డలి కొన్నట్లు ఒక పనిముట్టు కొనుక్కోండి, కొంత దానం చేయండి. హజ్రత్ ఖదీజా (రజి) ప్రతినిధుల ద్వారా సుదూర ప్రాంతాలకు సరుకు పంపి వర్తకం చేశారు. ఇంటి గౌరవంలో ఉంటూ హలాల్ ఆర్జన చేయాలనుకునే మా సోదరీమణులకు ఆమె ఆదర్శం చాలదా?

యా అల్లాహ్! మా ఉపాధిలో హలాల్‌ను విస్తృతం చేయి, హరామ్ నుండి మమ్మల్ని దూరంగా ఉంచు. మా నాలుకలకు, మా చేతిరాతలకు సత్యాన్ని ప్రసాదించు. మమ్మల్ని చూడకుండా నమ్మిన మనుషుల నమ్మకాన్ని నిలబెట్టే శక్తినివ్వు. మా వల్ల ఎవరికైనా నష్టం జరిగి ఉంటే దాన్ని ఈ లోకంలోనే సరిదిద్దుకునే సద్బుద్ధినివ్వు. నిరుద్యోగులైన మా పిల్లలకు మంచి దారులు తెరువు. అప్పుల్లో ఉన్నవారి అప్పులు తీర్చు. ప్రళయదినాన సత్యసంధులైన వర్తకులతో మమ్మల్ని లేపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.